ఎలుకకు కుదిరినంత మాత్రమున

జీవితమంతయు నల్లబల్లమీద గుండ్రని అక్షరములు దిద్దిన ఉపాధ్యాయుని చేవ్రాత, వార్ధక్యమున పంక్తి సాగినకొలది చిన్నదగుచు చీమల బారువలె మారినచో, దానిని ముసలితనమని త్రోసివేయరాదు. అది పార్కిన్సన్ వ్యాధికి తొలి గురుతు కావచ్చును. లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించిన ఈ వ్యాధికి సన్నిహితమైనదానిని మన ఆయుర్వేదము కంపవాతమన్నది. మెదడులో డోపమిన్ అను రసాయనమును తయారుచేయు కణములు క్రమముగా నశించుటచే చేయి వణకును, అవయవములు బిగియును, నడక మందగించును.

ఈ వ్యాధికి మెలటోనిన్ మందు కాగలదను ఆశ యొకటి పరిశోధనశాలలలో పుట్టినది. చీకటి పడినపిమ్మట మెదడులోని పీనియల్ గ్రంథి స్రవించు ఈ పదార్థమును 1958లో ఆరన్ లెర్నర్, ఆయన సహచరులు ఆవుల గ్రంథులనుండి వేరుచేసిరి. ఎం.పి.టి.పి. అను విషముతో చుంచెలుకలలో ఈ వ్యాధిని బోలిన స్థితిని కల్పించి మెలటోనిన్ ఇచ్చినప్పుడు, పెక్కు ప్రయోగములలో డోపమిన్ కణములకు కొంత రక్షణ కలిగినది; కొన్నిటిలో కలుగలేదు.

జంతువులపై ప్రయోగములు నిరర్థకములని నా వాదము కాదు. 1957లో ఆర్విడ్ కార్ల్‌సన్, సర్పగంధినుండి లభించు రిసర్పిన్‌చే కదలిక లేకుండ పడియున్న కుందేళ్లకు డోపా ఇచ్చి లేవదీసెను. ఆ డోపానే 1937లో మద్రాసున దామోదరన్, రామస్వామి మన దూలగొండి గింజలనుండి వేరుచేసియుండిరి. నేటికిని పార్కిన్సన్ రోగులకు ముఖ్యమైన ఔషధమదియే. కాని కుందేటినుండి మనుష్యునివరకు గల దారిని మనుష్యులపై జరిగిన పరీక్షలే దాటించినవి.

మెలటోనిన్ ఆ దారి ఇంకను దాటలేదు. ఎలుకకు వ్యాధి కొలది దినములలో కల్పింపబడును. మనుష్యునకు ఏండ్ల తరబడి ముదురును. ఎలుకకు మందు తరచుగా విషమునకు ముందో, వెంటనో ఇత్తురు. మనుష్యుడు వైద్యుని చేరునప్పటికి కణములలో పెద్దభాగము నశించియుండును. ఇల్లు కాలకముందు నీళ్లు చల్లుట వేరు, కాలినపిమ్మట చల్లుట వేరు గదా! పైగా ఎలుక రాత్రించర జీవి. మనుష్యులలో మెలటోనిన్ నిద్రకు కొంత తోడ్పడినట్లు కొన్ని పరీక్షలు చెప్పుచున్నవే గాని, వ్యాధి ఆగునని ఋజువు కాలేదు.

సగము వార్త చదివి, వైద్యుడు వ్రాసిన లెవోడోపాను మానిపించి, ఈ బిళ్లలు కొనితెచ్చు కుమారుడు తండ్రికి మేలు చేయడు. ఆ ఔషధమును హఠాత్తుగా మాన్పినచో శరీరము కొయ్యబారి, తీవ్రజ్వరము వచ్చి, ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును.

సిద్దిపేటలో 2018నుండి ప్రభుత్వ వైద్యకళాశాల కలదు. రేపు అందు చేరదగిన బాలబాలికలు నేడు మన పాఠశాలలలోనే యున్నారు. క్రొత్త మందును గూర్చిన వార్త చదివినప్పుడెల్ల మూడు ప్రశ్నలడుగుట వారికి నేర్పుదము: ఎవరిలో? ఎప్పుడు ఇచ్చిరి? ఎందరిలో? ‘ఎలుకలలో’ అను ఒక్క పదమును విడువక చదువగలిగిన విద్యార్థియే, తాత వణకు చేతిని పట్టుకొని సరియైన గుమ్మమునకు నడిపింపగలడు.