‘స్థిరపడిన వరుడు’

పెళ్ళి ప్రకటనలలో ఒక మాట నన్ను చాలాకాలంగా బాధిస్తున్నది: ‘అమెరికాలో స్థిరపడిన వరుడు’. ముప్పై రెండేళ్ళు తెలుగు పాఠం చెప్పి జీతం పుచ్చుకొన్నవాడిని. మాట అర్థం తప్పితే ఊరుకోలేను. స్థిరమనగా కదలనిది. హెచ్-1బి వీసా మీద ఉన్నవానిని అమెరికా చట్టమేమో వలసేతరుడని పిలుస్తున్నది. మూడేసి ఏళ్ళ చొప్పున మొత్తం ఆరేళ్ళ అనుమతి. ఆ పైన ఉండాలంటే యజమాని శాశ్వత నివాసానికి అర్జీ పెట్టి ఉండాలి. ఉద్యోగం పోతే 60 రోజులలో మరొకటి వెతుక్కోవాలి, లేదా మూటాముల్లె సర్దుకోవాలి. ఇదే స్థిరపడటమైతే, మా ఊరి తిరునాళ్ళలో డేరా వేసిన గాజులవాడూ స్థిరపడినవాడే!

పోనీ, అతనికి జీతమైనా ఉన్నది. నా అక్కసంతా అతని వెంట వెళ్ళే పిల్లను గురించి.

వ్యాకరణం చదివినవారెరుగుదురు: భర్త, భార్య అనే రెండు శబ్దాలూ ‘భృ’ ధాతువునుండి పుట్టినవే. భరించేవాడు భర్త, భరింపదగినది భార్య. తరగతిలో ఈ వ్యుత్పత్తి చెప్పినప్పుడల్లా ఆడపిల్లలు ముఖం చిట్లించేవారు. ‘అది పాతకాలపు మాటమ్మా, మీరు చదువుకొని మీ కాళ్ళమీద మీరు నిలబడండి’ అని సముదాయించేవాడిని. అమెరికావారు సంస్కృతం చదవకుండానే ఆ వ్యుత్పత్తిని శాసనం చేసి పెట్టుకొన్నారు. హెచ్-4 అనే ఆధారిత వీసా మీద వెళ్ళిన భార్య అక్కడ నివసించవచ్చు, చదువుకోవచ్చు, సంపాదించరాదు. 2015 మే 26 నుండి కొందరికి పని అనుమతి దొరుకుతున్న మాట నిజమే. కానీ దానికి భర్త తరఫున యజమాని వేసిన ఐ-140 అర్జీ ఆమోదం పొందాలి, లేదా భర్తకు ఆరేళ్ళు దాటిన పొడిగింపు వచ్చి ఉండాలి. కొత్త పెళ్ళికూతురికి చాలామార్లు ఈ రెండూ ఉండవు. అనుమతి పొందినవారికైనా నిశ్చింత లేదు: పునరుద్ధరణ అర్జీ పెట్టుకొంటే తనంత తానుగా గడువు పెరిగే సదుపాయాన్ని 2025 అక్టోబరు 30 నుండి తీసివేశారు.

నా శిష్యురాలొకతె విజయవాడలో ఆరేళ్ళు బ్యాంకు ఉద్యోగం చేసి, రాజీనామా ఇచ్చి, భర్తతో ఫ్రిస్కోకు వెళ్ళింది. డాలస్‌కు ఉత్తరాన మనవారు దండిగా ఉన్న ఊరు. కార్యసిద్ధి హనుమంతుని ఆలయమున్నది, గోంగూరకు కొదవలేదు. డాలస్ నగర రవాణా సంస్థలో మాత్రం ఆ ఊరు చేరలేదు. ఉన్న ఒక్క కారూ భర్త ఆఫీసుకు తీసుకుపోతే, ఈమెకు కూరగాయల దుకాణం కూడా పరాయిదేశమే. టెక్సాస్‌లో ఆమె డ్రైవింగ్ లైసెన్సు గడువు ఆమె వీసా గడువును బట్టి, ఆమె గడువు ఆయన గడువును బట్టి, ఆయన గడువు యజమాని చిత్తాన్ని బట్టి. ‘మాస్టారూ, తలనొప్పి మాత్రకు కూడా డబ్బులడగవలసి వచ్చింది’ అన్నది ఫోనులో. ఊరివాళ్ళ పొదుపు ఖాతాలన్నీ చూసిన పిల్ల!

ఆ పిల్లే ఇప్పుడు వారానికొకసారి అక్కడి పసివాళ్ళకు ‘మనబడి’లో ఓనమాలు దిద్దిస్తున్నది. తెలుగు పండితుడిగా నేను గర్వపడవలసిన సంగతి, పడ్డాను కూడా. ఊరికే చెబితే సేవ, పది డాలర్లు పుచ్చుకొంటే వీసాకే ముప్పు అని తెలిశాక ఆ గర్వం గొంతు దిగలేదు.

భర్త హోదా మీద వ్రేలాడే బ్రతుకు ఎంత పలుచనిదో 2017 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో శ్రీనివాస్ కూచిభొట్ల విద్వేషపు తూటాకు బలియైనాడు. ఆ మరణంతో భార్య సునయన దుమాల గారు భర్తతోపాటు ఆ దేశంలో ఉండే హక్కునూ కోల్పోయారు. అంత్యక్రియలకు హైదరాబాదు వచ్చిన ఆవిడ తిరిగి వెళ్ళడానికి అక్కడి చట్టసభ సభ్యుడొకరు పూనుకోవలసి వచ్చింది.

‘అమెరికా చట్టానికి మమ్మల్నెందుకు నిందిస్తారు?’ అని కన్యాదాతలు అడుగుతారు. అయ్యా, ఆ దేశం తన చట్టాన్ని దాచలేదు, ఎవరైనా చదువుకోవచ్చును. దానిని మరుగుపరచింది ‘స్థిరపడిన’ అనే మన విశేషణం. ఇంజనీరింగు చదివించడానికి పొలం అమ్మిన తండ్రే, ఆ చదువు అక్కడ పనికివస్తుందా అని ఒక్క మాట అడగకుండా తాంబూలాలు పుచ్చుకొంటున్నాడు. ‘అమ్మాయి హాయిగా ఇంటిపట్టున ఉంటుంది లెండి’ అని తల్లి ముక్తాయింపు. ఇంటిపట్టున ఉండటం ఆమె కోరుకొన్నదైతే నాకు పేచీ లేదు. ఆమెను అడిగారా?

గోత్రం అడుగుతారు, నక్షత్రం అడుగుతారు, ప్యాకేజీ డాలర్లలో ఎంతో నోరారా అడుగుతారు. ఐ-140 ఆమోదం పొందిందా, పొందకపోతే అర్జీ ఎంతవరకు వచ్చింది, అందాకా మా అమ్మాయి పేర బ్యాంకు ఖాతాలో ఏమి జమ చేస్తారు — ఇవి అడగడానికి మాత్రం మర్యాద అడ్డు వస్తుంది. మీకు మొగమాటమైతే ఆ పిల్లనే అడగనివ్వండి. చదువుకొన్నదే కదా, వీసా పత్రం చదవగలదు.