పావగడ ఏ గడిలో?

కర్ణాటకలో ఎస్సెస్సెల్సీ ఫలితాలు వెలువడిన మర్నాడు పత్రికలన్నీ జిల్లాల వరుస అచ్చువేస్తాయి. ఉడుపి, దక్షిణ కన్నడ పైన ఉండటం, యాదగిరి, కలబురగి అడుగున ఉండటం చదువరులకు అలవాటైపోయింది. ఆ వరుసలో తుమకూరుతో పాటు మధుగిరి అని ఇంకో పేరు కనిపిస్తుంది. రెవెన్యూ శాఖకు మధుగిరి ఒక తాలూకా. విద్యాశాఖకు మాత్రం అది జిల్లా. తుమకూరు జిల్లా ఉత్తర భాగాన ఉన్న మధుగిరి, కొరటగెరె, శిరా, పావగడ తాలూకాల బడులన్నీ అక్కడి డీడీపీఐ (విద్యాశాఖ ఉప సంచాలకుడు) చేతికింద ఉంటాయి. ఉత్తర కన్నడలో శిరసి, బెళగావిలో చిక్కోడి కూడా ఇలాగే బడుల కోసం పుట్టిన జిల్లాలు. అమెరికావాళ్లు స్కూల్ డిస్ట్రిక్ట్ అనేదానికి మన దేశంలో కాస్త దగ్గరగా వచ్చేవి ఇవే.

నాలుగూ మెట్ట తాలూకాలే, కరువు ఎరిగినవే. ప్రాంతీయ అసమానతలపై నంజుండప్ప కమిటీ 2002లో ఇచ్చిన నివేదిక పావగడను ‘అత్యంత వెనుకబడిన’ తాలూకాల్లో చేర్చింది. అయినా పావగడను మిగతా మూడింటితో ఒకే గాటన కట్టడం కుదరదు. తాలూకాకు దాదాపు అన్ని వైపులా ఆంధ్ర నేలే. సొంత రాష్ట్రంతో నేల కలిసేది పడమట, చిత్రదుర్గ జిల్లా వైపు మాత్రమే. సొంత జిల్లా కేంద్రం తుమకూరు వంద కిలోమీటర్ల దూరం. సూటిదారి పట్టుకుంటే మధ్యలో ఆంధ్ర ఊళ్లు దాటి మళ్లీ కర్ణాటకలో అడుగుపెట్టాలి. ఊళ్లలో ఇంటి మాట తెలుగు, బడి మాట కన్నడ.

బడులను నగరం, శివారు, పల్లె అని మూడు గడుల్లో పోసి పోల్చడం విద్యా పరిశోధకులకు ఇష్టమైన పని. పావగడ ఆ మూడు గడుల్లో దేనిలోనూ కుదురుకోదు. దాన్ని దేనితో పోల్చాలో తేల్చుకోకుండానే ఏటా దానికి మార్కులు వేస్తున్నారు. సరైన పోలిక పక్క మండలంలోనే ఉంది, కాకపోతే ఆ మండలం ఇంకో రాష్ట్రానిది.

ఈ గడుల పద్ధతి అమెరికాలో ఎలా నడుస్తుందో చూస్తే అది అక్కడ ఎందుకు అవసరమైందో తెలుస్తుంది. అక్కడి విద్యా గణాంక కేంద్రం బడులను నగరం, శివారు, చిన్న పట్టణం, పల్లె అని నాలుగు రకాలుగా, ఒక్కొక్కదాన్ని మళ్లీ మూడు తరగతులుగా, మొత్తం పన్నెండు గడుల్లో సర్దుతుంది. అక్కడ బడి ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఇళ్లు ఖరీదైన చోట బడి ఖజానా నిండుతుంది. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో మహానగర ప్రాంతంలోనే పేదల ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టు పిల్లాడి మీద 1967-68లో 356 డాలర్లు ఖర్చు పెడితే, కలిగినవాళ్లుండే ఆలమో హైట్స్ 594 డాలర్లు పెట్టింది. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1973లో 5-4 తేడాతో ఓడిపోయారు. కాబట్టి అక్కడ ‘శివారు’ అన్న ఒక్క మాట చెబితే బడి జేబులో ఎంత ఉందో చాలావరకు తెలిసిపోతుంది.

మన దగ్గర ఆ లెక్క నడవదు. పావగడ సర్కారు బడి టీచరుకూ బెంగళూరు సర్కారు బడి టీచరుకూ జీతం ఇచ్చేది ఒకే ఖజానా. ఇంటద్దె భత్యంలో తేడా ఉంటుంది, అంతే. ఇక్కడ ఊరి స్థాయి బయటపడేది డబ్బులో కాదు, బదిలీలో. కర్ణాటక ఉపాధ్యాయ బదిలీల చట్టం బడులను ఏ, బీ, సీ అని మూడు జోన్లు చేసింది. స్థూలంగా చెప్పాలంటే ఏ జోన్‌లో నగరాలు, పెద్ద పట్టణాలు, వాటిని ఆనుకున్న చోట్లు. సీ జోన్‌లో బస్సు దిగి నడవాల్సిన ఊళ్లు. నగరం, శివారు, పల్లె అన్న విభజన కర్ణాటకలో నిజంగా పనిచేసేది ఈ చట్టంలోనే. కౌన్సెలింగ్ రోజు సీ జోన్‌లో ఉన్నవాళ్లు ఏ జోన్ వైపు చూస్తారు, ఏ జోన్‌లో ఏళ్లు నిండినవాళ్లు కదలకుండా ఉండే దారి వెతుకుతారు. మైసూరు నుంచో హాసన నుంచో పావగడకు వచ్చిన మేష్టారు సొంత ఊరు తలుచుకుంటే తప్పు పట్టడానికేమీ లేదు. ఖాళీ అయిన కుర్చీలో పది నెలల కోసం అతిథి ఉపాధ్యాయుడు వస్తాడు. మరుసటి ఏడాది మళ్లీ మొదటికి.

దేశమంతటి బడుల వివరాలు రాసుకునే యూడైస్ ఫారంలో శివారు అన్న గడే లేదు. పల్లెనా, పట్టణమా, రెండే. పావగడ పట్టణం పురసభ కాబట్టి అక్కడి బడి ‘పట్టణం’. పట్టు చీరల మగ్గాలతో పేరు తెచ్చుకున్న వై.ఎన్. హొసకోటె పంచాయతీ కాబట్టి అక్కడి బడి ‘పల్లె’. రెండూ ఒకే తాలూకాలోవి, ఒకే కొలతతో నీళ్ల ట్యాంకర్లకు ఎదురుచూసిన ఊళ్లు. దేశవ్యాప్తంగా పేరున్న ‘అసర్’ సర్వే అయితే పల్లెలకే పరిమితం, పట్టణ గడప తొక్కదు.

ఇక ఫలితాలు. ఇవి చదివేటప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి. 2023 ఎస్సెస్సెల్సీలో పల్లె పిల్లలు దాదాపు 87 శాతం గట్టెక్కితే పట్టణ పిల్లలు 80 కూడా దాటలేదు. పల్లె బడి గెలిచిందని వార్తలు వచ్చాయి. 2024లో పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. రాష్ట్ర ఉత్తీర్ణత 83.89 నుంచి 73.40కి పడింది, అదీ గ్రేస్ మార్కులు ఇరవై శాతానికి పెంచాక. పల్లెకూ పట్టణానికీ ఉన్న ఏడు పాయింట్ల తేడా ఒకటిన్నర లోపుకు వచ్చేసింది. 2025లో ఆ అదనపు గ్రేస్ మార్కులు తీసేస్తే పట్టణమే కాస్త ముందుకొచ్చింది. మూడేళ్లలో పిల్లల బుర్రలు మారలేదు, బడుల గోడలు మారలేదు. మారింది పరీక్ష గది. 2023లో 96.8 శాతంతో రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచిన చిత్రదుర్గ, అంటే పావగడకు పడమటి పొరుగు, మరుసటి ఏడాది మొదటి పది జిల్లాల్లో కూడా లేదు. ఇలాంటి పట్టిక చూసి పల్లె, పట్టణం అని తీర్పులు చెప్పేవాళ్ల ధైర్యం మెచ్చుకోవాల్సిందే.

పైగా ఈ లెక్కలో బడి ఎక్కడుందన్నదే చూస్తారు, పిల్లాడు ఏ ఊరివాడన్నది చూడరు. తుమకూరు నగరం అంచున, క్యాత్సంద్ర దగ్గర సిద్ధగంగ మఠం ఉంది. 2019 జనవరి 21న 111 ఏళ్ల వయసులో కన్నుమూసిన శివకుమార స్వామి దశాబ్దాల తరబడి నడిపిన ఆ మఠంలో దాదాపు పదివేల మంది పిల్లలు ఉచితంగా తిని చదువుకుంటారు. అందులో ఎక్కువమంది మెట్ట తాలూకాల రైతుల, కూలీల బిడ్డలు. వాళ్ల మార్కులు తుమకూరు ఖాతాలో పడతాయి. పావగడ లాంటి తాలూకాలో చురుకైన పిల్లాడు ఊరు దాటితే, మిగిలిన తరగతి సగటు తగ్గిందని నిందపడేది ఊరి బడి మీదే.

ఇప్పుడు సరిహద్దు సంగతి. పావగడకు దక్షిణాన ఆంధ్రకు చెందిన మడకశిర, రొళ్ల, అమరాపురం, గుడిబండ, అగళి మండలాలున్నాయి. అక్కడ వీధుల్లో వినిపించేది చాలావరకు కన్నడం. కన్నడ మాధ్యమం సర్కారు బడులు కూడా ఏళ్లుగా నడుస్తున్నాయి. గీతకు ఇటు తెలుగు పిల్లలు కన్నడంలో చదువుతుంటే, అటు కన్నడ పిల్లలు తెలుగు ప్రభుత్వం కింద చదువుతున్నారు. అద్దంలో చూసుకున్నట్టు ఒకదానికొకటి సరిగ్గా తిరగబడి ఉన్నాయి. వాన ఒకటే, శెనక్కాయ పంట ఒకటే, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటే, బెంగళూరుకు కూలికి పోయే దారి కూడా ఒకటే. తేడా అల్లా ప్రభుత్వం, ఇంటి భాష, బడి భాష. ప్రయోగశాలలో తయారు చేద్దామన్నా ఇంత చక్కని పోలిక దొరకదు. అలాంటిది దాన్ని వదిలేసి పావగడను ఉడుపితో పోల్చి, వెనకబడిందని తేలుస్తున్నారు.

రాజ్యాంగం ఈ పిల్లలను మరిచిపోలేదు. 1956లో ఏడో సవరణతో వచ్చిన 350ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమంటుంది. అంతకుముందే 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం బడిలో 40 మంది గానీ తరగతిలో 10 మంది గానీ ఉంటే మాతృభాషా టీచరును ఇవ్వాలని తీర్మానించింది. కర్ణాటకలో ఈనాటికీ ఎస్సెస్సెల్సీ ప్రథమ భాషల జాబితాలో తెలుగు ఉంది. అయితే హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన తల్లిదండ్రులు దాన్ని కోరుకుంటారని లేదు. కర్ణాటకలో ఉద్యోగం కన్నడంతో వస్తుంది, బెంగళూరులో జీతం ఇంగ్లిషుతో వస్తుంది. పావగడ తల్లి ఈ లెక్క అందరికన్నా ముందే కట్టేసుకుంది. 2019లో కర్ణాటక వెయ్యి సర్కారు బడుల్లో ఇంగ్లిషు సెక్షన్లు తెరిచినా, అదే ఏడాది ఆంధ్ర ప్రభుత్వం సర్కారు బడులనే ఇంగ్లిషుకు మార్చబోయి 2020లో హైకోర్టులో ఎదురుదెబ్బ తిన్నా, రెండు చోట్లా వెనక నుంచి తోసింది ఆ లెక్కే. కాబట్టి తెలుగు మాధ్యమం తెరిస్తే అన్నీ సర్దుకుంటాయనేవాళ్ల వాదన ఇక్కడ నిలబడదు. ఒకటో తరగతిలో కూర్చున్న బిడ్డకు టీచరు మొదటి ఆరు నెలలు ఇంటి మాటలో మాట్లాడగలడా అన్నదే అసలు ప్రశ్న. మాధ్యమం ఏదైనా సరే, అది బదిలీ కౌన్సెలింగ్‌లో తేలే విషయం, కానీ ఏ, బీ, సీ జోన్ల లెక్కలో ‘తెలుగు వచ్చు’ అన్న అర్హతకు చోటు లేదు.

ప్రభుత్వాలు మారితే బడిలో ఏం మారుతుందో చూడటానికి కూడా ఈ గీత పనికొస్తుంది. కర్ణాటక బడిలో పాలు, బిసియూట (మధ్యాహ్న భోజనం), 2024 సెప్టెంబర్ నుంచి అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ సాయంతో వారంలో ఆరు రోజులూ గుడ్డు. ఆంధ్రలో 2025 జూన్ నుంచి తల్లికి వందనం కింద చదివే ప్రతి బిడ్డ లెక్కనా పదిహేను వేలు, అందులో రెండు వేలు బడి నిర్వహణకు మినహాయించి మిగతాది తల్లి ఖాతాకు. ఒకటి బిడ్డ కడుపు నుంచి మొదలుపెట్టింది, ఇంకొకటి తల్లి ఖాతా నుంచి. వీటిలో ఏది హాజరు పెంచిందో పావగడ, మడకశిర పల్లె బడుల రిజిస్టర్లు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. యూడైస్‌కు రెండూ ‘పల్లె’లే కాబట్టి ఆ పని ఎవరికీ తట్టలేదు.

పల్లె అన్న గడి లోపలే ఎంత తేడా ఉందో పావగడ తాలూకాలోని తిరుమణి చుట్టుపక్కల కనిపిస్తుంది. అక్కడి నాగలమడికె హోబళిలో (తాలూకాలో ఒక భాగం) ఐదు ఊళ్ల పరిధిలో, పదమూడు వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. 2018లో మొదలైనప్పుడు రైతుకు ఎకరానికి ఏడాదికి 21 వేల కౌలు కట్టారు. పదెకరాలున్న ఇంటికి అది స్థిరమైన ఆదాయం, పిల్లాడు పట్టణంలో ప్రైవేటు బడి బస్సెక్కడానికి సరిపోతుంది. భూమిలేని ఇంటికి మాత్రం ఆ పొలాల్లో దొరికే కూలి పోయింది. సర్కారు బడిలో చివరికి మిగిలేది ఆ ఇంటి బిడ్డే. ఊరు ఒకటే, బడి ఒకటే, ‘పల్లె’ ముద్రా ఒకటే. ఆ ముద్రను నమ్ముకుని టీచర్ల సంఖ్య నిర్ణయిస్తే, పిల్లలు తగ్గారన్న కారణంతో బడిని విలీనం చేయడమే తదుపరి మెట్టు.

గీత దాటి నేర్చుకోవడం కొత్తేమీ కాదు. కర్ణాటక సర్కారు బడుల చిన్న తరగతుల్లో ఇవాళ నడుస్తున్న ‘నలి-కలి’ పద్ధతి 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పల్లె బడులను చూసి వచ్చాక మొదలైంది. ఒకే గదిలో రెండు మూడు తరగతుల పిల్లలు, ఎవరి వేగంతో వాళ్లు కార్డులు పట్టుకుని నేర్చుకోవడం. అనుకరించదగ్గ బడి పొరుగు రాష్ట్రంలో ఉందని ఒప్పుకోవడానికి అప్పటి అధికారులు మొహమాటపడలేదు.

2021 జాతీయ సాధన సర్వేలో పిల్లలను ఇంటి భాష, బడి భాష ఒకటేనా అని అడిగారు. దేశం మొత్తం మీద 78 శాతం మంది అవునన్నారు. కాదన్న మిగతావాళ్లలో పావగడ పిల్లలెందరో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఆ సర్వే నివేదికలు జిల్లా దగ్గరే ఆగిపోతాయి. జిల్లా అన్న ఒకే కాగితంలో పావగడ తెలుగు పిల్లలు, మిగతా తాలూకాల కన్నడ పిల్లలు కలిసిపోయారు. పావగడ తాలూకా విద్యాధికారి (బీఈఓ), మడకశిర మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయాలు రెండూ కూర్చుని మూడో తరగతి పిల్లలకు ఒకే చదువు పరీక్ష, ఒకటి కన్నడంలో, ఒకటి తెలుగులో, ఇంటి భాష రాసుకుని మరీ పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల విద్యా కమిషనర్ల సంతకాలు చాలు. ఒక చిక్కుంది: కర్ణాటక బడులు మే ఆఖరుకే తెరుచుకుంటాయి, ఆంధ్ర బడులు జూన్ 12న. పరీక్ష ఆగస్టులో పెట్టుకోవచ్చు.