వెయిటింగ్ లిస్టు వాడికి ఛార్జీ ఎంత?



శివరాత్రి జాగారానికి మన బెంగళూరు తెలుగిళ్లలో రమ్మీ ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు పిల్లలు పోకర్ తెచ్చారు, పెద్దలూ కూర్చుంటున్నారు. నో లిమిట్ ఆటలో ముందున్న డబ్బంతా ఒకేసారి పెట్టేయవచ్చు. ఎదుటివాడికి ఫ్లష్ పడుతుందేమో అన్న భయంతో చాలామంది చేసేదీ అదే. అది సరైన పద్ధతి కాదని మా అభిప్రాయం. పందెం అంటే బెదిరింపు కాదు, ధర.

మేము రైల్వేలో ఛార్జీల లెక్కలు చూసి రిటైరైనవాళ్లం. ఫ్లష్‌కి ఇంకొక్క ముక్క తక్కువైనవాడు వెయిటింగ్ లిస్టు టికెట్టు పట్టుకున్నవాడే. వాణ్ణి ప్లాట్‌ఫారం మీంచి తరమనక్కరలేదు. కన్ఫర్మ్ అయ్యే అవకాశానికి మించిన ఛార్జీ వసూలు చేస్తే చాలు.

లెక్క చూడండి. తమిళ బడిలో మేము బట్టీ పట్టిన వాయ్‌పాడు, అదే మన ఎక్కాలు, దీనికి సరిపోతుంది. మీ చేతిలో ఇస్పేటు ఆసు, కళావరు రాజు. కింద ఆఠీను రాజు, ఆఠీను 8, ఇస్పేటు 3, డైమండు 2. ఇంకొక్క ముక్క రావాలి. పాట్‌లో 1000 రూపాయలు. ఎదుటివాడి చేతిలో రెండు ఆఠీన్లు. అతనికి కనపడని ముక్కలు 46, వాటిలో ఆఠీన్లు 9. అంటే 46 సార్లలో 9 సార్లు గెలుపు, 37 సార్లు ఓటమి.

మీరు 200 వేస్తే, కాల్ చేసినవాడికి 9 సార్లకు 10,800 వస్తుంది, 37 సార్లకు 7,400 పోతుంది. టికెట్టు చౌకగా అమ్మినట్టే. 500 వేస్తే 13,500 వస్తుంది, 18,500 పోతుంది. నష్టం అతనిదే. రెండూ సమానమయ్యేది సుమారు 320 దగ్గర. మరి 3000 వేస్తే? అతను ముక్కలు పడేస్తాడు. కాల్ చేసేది మూడు ఎనిమిదులు దాచుకున్నవాడే. అందుకే సగం పాట్ నుంచి మూడింట రెండు వంతులు చాలంటాం.

అతని చేతిలో ఆఠీను 4, 5 ఉంటే సంగతి వేరు. ఆసు పడినా, ఆరు పడినా స్ట్రెయిట్. మొత్తం 15 ముక్కలు పనికొస్తాయి. అక్కడ 500 చాలదు, పాట్ అంత వేయాలి.

ఇంకొక మాట. 500 కాల్ చేసినవాడి మొత్తం నష్టం 5,000. దాన్ని 9 గెలుపులకు పంచితే ఒక్కోదానికి 556. ఆఠీను పడ్డాక మీరు పంతానికి పోయి ఇంకో 600 ఇచ్చారంటే అతని నష్టం పూడిపోయినట్టే. ధర సరిగ్గా పెట్టడం సగం పని, ఆఠీను పడ్డాక చేయి వదలడం మిగతా సగం.

సికింద్రాబాద్ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆటగా చెప్పింది. ఆ మాట పట్టుకుని పోకర్ కూడా నైపుణ్యమే అంటారు. కావచ్చు. కానీ ఆ నైపుణ్యం ఆటలో ఉంటే మన జేబుకు రాదు, మన తలలో ఉండాలి. ఆన్‌లైన్ డబ్బు ఆటలను 2025లో పార్లమెంటు నిషేధించింది. ఇంట్లో ఆటకు మాత్రం కాపలా మనమే. ఈ లెక్క నోటికి రానివాళ్లు పెన్షన్ డబ్బు బల్లమీద పెట్టవద్దు. ముందు చింతగింజలతో ఆడి చూడండి.