చావు నమోదైన చోటే వారసుల పేర్లూ ఎక్కాలి

అమలాపురం, రాజోలు, కొత్తపేట పల్లెల్లో కొబ్బరి దింపు డబ్బు కొడుకులు అందుకుంటారు. పట్టాదారు పాస్‌బుక్‌లో మాత్రం ఎప్పుడో కాలం చేసిన తండ్రి పేరే ఉంటుంది. వీలునామా మాటెత్తితేనే అశుభమనుకునే ఇళ్లు మనవి. ఆ పెద్దాయన పేరుమీద బ్యాంకు కొత్తగా పంటరుణం ఇవ్వదు. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికే భూమి ఉండాలన్న షరతు నుంచి వారసులకు మినహాయింపు ఉన్నా, రికార్డులో పేరు మారనిదే అదీ అక్కరకు రాదు.

వీలునామా లేకుండా పోయినవారి భూమిని వారసులు పంచుకుంటే స్టాంపు డ్యూటీ నామమాత్రమేనని 2025లో రాష్ట్ర ప్రభుత్వం తేల్చింది. విలువ 10 లక్షల రూపాయల లోపైతే 100, దాటితే 1,000. మంచి పనే. కానీ ముడి పడింది రుసుము దగ్గర కాదు, సంతకాల దగ్గర. పంపకాల దస్తావేజుకు అందరూ ఒక మాట మీదికి రావాలి. అన్న కువైట్‌లో, చెల్లెలు హైదరాబాద్‌లో, తమ్ముడు అలకలో ఉంటే ఏళ్లు గడిచిపోతాయి.

చట్టం అన్నేళ్లు ఆగమనలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయని మగవాడి సొంత ఆస్తి ఆయన కన్నుమూసిన క్షణమే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే తల్లికి సమానంగా చెందుతుంది. క్రైస్తవ కుటుంబాల్లో 1925 నాటి చట్టం కింద భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలందరికీ సమానం. ఎవరి గట్టు ఎక్కడన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఆలోగా అందరి పేర్లూ ఉమ్మడిగా ఎక్కించడానికి అడ్డేమిటి?

అడ్డల్లా అలవాటే. కట్నమిచ్చాం, పసుపు కుంకుమల కింద అరెకరం రాశాం, ఇంకా వాటా ఏమిటంటారు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో పెళ్లయిన కూతురి పేరు జారిపోతుంది, ముసలితల్లి గుర్తే రాదు. ఉమ్మడి ఆస్తిలో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు 1985లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం వాటా ఇచ్చింది. దేశమంతటికీ కూతుళ్లందరి హక్కు 2005లో వచ్చింది. ఆనాటికి తండ్రి బతికుండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దారి చూపిన రాష్ట్రంలోనే ఆడపిల్ల సంతకం ఇంకా మొహమాటపెట్టి తీసుకుంటున్నారు.

గ్రామ సచివాలయంలో మరణం నమోదు చేసేది పంచాయతీ కార్యదర్శి. భూమి రికార్డు చూసే వీఆర్వో కూర్చునేదీ అక్కడే. మరణం నమోదైన నాడే, అర్జీ కోసం చూడకుండా, వారసుల విచారణ మొదలు కావాలి. జాబితా నోటీసు బోర్డుకెక్కాలి, ఊళ్లో లేని కూతుళ్లకు నోటీసు అందాలి, గడువులోగా అభ్యంతరం రాకపోతే వాటాలతో సహా ఉమ్మడి పాస్‌బుక్ ఇవ్వాలి. దొంగ వారసులు చొరబడతారన్న భయం ఉండొచ్చు. మ్యుటేషన్‌తో, అంటే రికార్డులో పేరు మారినంత మాత్రాన, యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది, పొరపాటును సివిల్ కోర్టు దిద్దగలదు. ఒక్క కొడుకు పేరే ఎక్కి, అతను తోట అమ్మేశాక దిద్దడమే కష్టం.

కొడుకులు తెచ్చిన తెల్లకాగితం మీది వేలిముద్ర చూసి భార్య పేరో, కూతురి పేరో కొట్టేసే వీలు ఏ ఉద్యోగికీ ఉండకూడదు. నిజంగా వాటా వదులుకోవాలనుకునే ఆడమనిషి సబ్‌రిజిస్ట్రార్ ఎదుట విడుదల దస్తావేజు రాస్తుంది.