యంత్రాలు సరే, మేస్త్రి ఎక్కడ?

తెలంగాణలోని 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడానికి రాష్ట్ర ప్రభుత్వం, టాటా టెక్నాలజీస్ 2024లో ఒప్పందం చేసుకున్నాయి. అంచనా వ్యయం సుమారు రూ.2,324 కోట్లు. అందులో సింహభాగం కంపెనీదే. రోబోటిక్స్, అధునాతన సీఎన్‌సీ, విద్యుత్ వాహనాల మెకానిక్ వంటి కోర్సులు వీటిలోకి వచ్చాయి. ఆ మరుసటి ఏడాదే కేంద్రం దేశంలోని వెయ్యి ఐటీఐల ఆధునికీకరణకు రూ.60,000 కోట్ల పథకాన్ని ఆమోదించింది. అందులో రూ.10,000 కోట్లు పరిశ్రమల వాటాగా రావాలి.

చాన్నాళ్లుగా ఎవరూ పట్టించుకోని చదువుకు ఇంత డబ్బు రావడం మంచిదే. అయితే ఈ పనిలో యంత్రం కొనడమే అన్నిటికన్నా తేలిక. ఆ యంత్రం పక్కన నిలబడి, పదో తరగతి దాటిన పిల్లవాడికి డ్రాయింగ్ చదవడం, మైక్రోమీటర్ పట్టడం, చెడిన జాబ్ ఎందుకు చెడిందో చూసుకోవడం నేర్పే మనిషి కావాలి. ఆ మనిషి గంటలకు జీతం ఎవరిస్తారన్న దగ్గరే పరిశ్రమ, బడి పొత్తు నిలబడేదీ కూలేదీ తేలిపోతుంది.

ఇలాంటి ప్రయత్నం మనకు కొత్తేమీ కాదు. 2007-08లో 1,396 ప్రభుత్వ ఐటీఐలను పరిశ్రమల భాగస్వామ్యంతో బాగుచేయాలని కేంద్రం ఒక్కోదానికి రూ.2.5 కోట్ల దాకా వడ్డీలేని రుణం ఇచ్చింది. యాజమాన్య కమిటీకి పారిశ్రామికవేత్తనే అధ్యక్షుణ్ని చేసింది. కానీ రెగ్యులర్ బోధకుల నియామకం, బదిలీ మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయాయి. బోధకుణ్ని ఎంచుకునే వీలులేని అధ్యక్షుడికి మీటింగులో టీ తాగడం తప్ప పెద్దగా పనేముంటుంది?

పొత్తు కుదిరితే ఏమవుతుందో చూడటానికి దూరం వెళ్లనక్కర్లేదు, హైదరాబాద్ బాలానగర్ ఉంది. ప్రాగా టూల్స్, హెచ్‌ఎంటీ, బీహెచ్‌ఈఎల్ వంటి ప్రభుత్వరంగ సంస్థలు తమ అవసరం కోసం అప్రెంటిస్‌లకు పని నేర్పాయి. అలా చేయి తిరిగినవారిలో కొందరు బయటికొచ్చి సొంత షెడ్లు పెట్టుకున్నారు. హెచ్‌ఎంటీ మాజీ ఇంజినీర్లు 1970లో మొదలుపెట్టిన ఎంటీఏఆర్ నేడు అణు, అంతరిక్ష రంగాలకు విడిభాగాలు చేస్తోంది. 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో అదే బాలానగర్‌లో వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ బోధనతోపాటు పరిశ్రమలకు టూళ్లు, డైలు కూడా చేసిపెడుతుంది. చదువు ఉన్నచోటే గడువుకు అందాల్సిన ఆర్డరూ ఉండటం దాని బలం.

ఆ పెద్ద సంస్థల్లో కొన్ని మూతపడ్డాయి, కొన్ని చిక్కిపోయాయి. వాటి శిక్షణ భారం ఇప్పుడు పదిపదిహేనుమంది పనిచేసే చిన్న షెడ్ల మీద పడింది. చట్టం చూపు మాత్రం పెద్దవాళ్ల మీదే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఇప్పుడున్న నిబంధనల ప్రకారం 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థ తన బలగంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అంతకు తక్కువైతే యజమాని ఇష్టం. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం స్టైపెండ్‌లో నాలుగోవంతు, నెలకు రూ.1,500 మించకుండా భరిస్తుంది. అదంతా నేర్చుకునేవాడి లెక్క. నేర్పడానికి మేస్త్రి లేత్ ఆపి గంటసేపు నిలబడితే పోయే ఉత్పత్తిని చిన్న యజమాని తన జేబులోంచే పెట్టుకోవాలి. ఇంతా చేశాక ఏడాది తిరక్కుండానే కుర్రాణ్ని రెండు వేలు ఎక్కువిచ్చి పక్క కంపెనీ ఎగరేసుకుపోతుంది. అందుకే చాలా షెడ్లలో అప్రెంటిస్ అంటే ఇనుప రజను ఊడ్చే తక్కువ జీతం మనిషే. యజమానిని తిట్టడం సులువు, కానీ అతని లెక్క అతనిది.

జర్మనీ ఈ చిక్కును గుర్తించింది. 1969 నాటి వృత్తిశిక్షణ చట్టం కింద విద్యార్థి కంపెనీతో ఒప్పందం రాసుకుని, వారంలో ఒకటి రెండు రోజులే బడికి వెళతాడు. నేర్పేవాడికీ అర్హత పరీక్ష ఉంది. చిన్న సంస్థలు ఒంటరిగా నేర్పలేనివాటికి ఉమ్మడి వర్క్‌షాపులున్నాయి. పరీక్షలు పెట్టేది వాణిజ్య మండళ్లు, వాటిలో సభ్యత్వం తప్పనిసరి కాబట్టి ఖర్చు అందరిమీదా పడుతుంది. మన పారిశ్రామికవాడల సంఘాలకు అంత అధికారమూ లేదు, అంత బాధ్యతా లేదు. అక్కడి పద్ధతిని ఇక్కడ యథాతథంగా దించలేం. ఉమ్మడి వర్క్‌షాపు, మేస్త్రికి ధ్రువపత్రం, ఈ రెండూ మాత్రం తెచ్చుకోవచ్చు.

తల్లిదండ్రుల సంగతీ ఉంది. ఎప్‌సెట్ ర్యాంకు రానివాడి చదువు ఐటీఐ అన్న అభిప్రాయం ఉపన్యాసాలతో పోదు, మొదటి జీతం చీటీ చూస్తే పోవచ్చు.

కాబట్టి కొత్త పథకాల్లో చూడాల్సింది రోబో ఏ మోడల్ అన్నది కాదు. టాటా టెక్నాలజీస్ ఇంజినీరింగ్ సేవల సంస్థ. అది ఎంత బాగా నేర్పినా, కుర్రాళ్లకు పని దొరకాల్సింది జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు షెడ్లలోనే. ఆ యజమానులకు కోర్సు రూపకల్పనలో మాట చెల్లాలి. పరిశ్రమల వాటా లెక్కగట్టేటప్పుడు వాళ్లు పంపే మేస్త్రి గంటలనూ రూపాయల్లో జమ వేసుకోవాలి. అలా కాకపోతే ఆ వాటా చెక్కు రాయగల పెద్ద కంపెనీలదే అవుతుంది, బాలానగర్ యజమానికి ప్రారంభోత్సవ ఆహ్వానపత్రిక అందుతుంది.