తల్లికి వందనం: దళిత తల్లి ఖాతాలో ఎందుకు తక్కువ?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో తల్లికి వందనం పథకాన్ని మొదలుపెట్టింది. బిడ్డకు 15 వేలని చెప్పి, పాఠశాలల నిర్వహణకు 2 వేలు మినహాయించి, 13 వేలు ఇచ్చింది. అయితే తొమ్మిది, పది తరగతుల ఎస్సీ పిల్లల విషయంలో తల్లుల ఖాతాల్లో 10,900, హాస్టల్ పిల్లలకైతే 8,800 మాత్రమే జమయ్యాయి. మిగతాది కేంద్రం నుంచి వస్తుందన్నారు.

పథకంలో మేలు లేదని మేము అనడం లేదు. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి, ఇంట్లో ఎందరు పిల్లలున్నా ఒక్కరికే వర్తించేది. ఆడపిల్లను మాన్పించి మగపిల్లాడిని బడికి పంపే ఇళ్లలో అది పెద్ద లోపం. ఇప్పుడు చదివే ప్రతి బిడ్డకూ ఇస్తున్నారు. ముగ్గురుంటే 39 వేలు. కూలి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. కానీ 2023 జూన్‌లో చివరి అమ్మఒడి పడ్డాక 2025 జూన్ దాకా ఆ తల్లులకు ఏమీ అందలేదన్నదీ మరచిపోకూడదు.

ఇక కోత లెక్క చూద్దాం. తొమ్మిది, పది చదివే ఎస్సీ పిల్లలకు ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. ఇంటి నుంచి బడికెళ్లే వారికి ఏడాదికి 3,500, హాస్టల్ వారికి 7,000. ఇందులో కేంద్రం వాటా 60 శాతం, అంటే 2,100 లేదా 4,200. 13 వేలలోంచి సరిగ్గా ఆ మొత్తాలనే తీసేశారు.

కేంద్ర వాటా ఎప్పుడో పడినా, దళిత బిడ్డకు మొత్తం అందేది 13 వేలే. పక్క బెంచీలోని ఓసీ పేద బిడ్డకూ 13 వేలే. మరి స్కాలర్‌షిప్ ఏమైనట్టు? పేదరికానికి ఇచ్చే సాయం వేరు, కులం వల్ల తరతరాలుగా చదువుకు దూరమైన వారికి ఇచ్చే సాయం వేరు. రెండోది మొదటిదానికి అదనంగా ఉండాలి. ఇక్కడ రెండోదాన్ని మొదటిదాంట్లో కలిపేశారు. మిగిలింది రాష్ట్ర ఖజానాకు. పైగా కేంద్ర వాటా వచ్చేది విద్యార్థి ఖాతాకు. దానికి ఆధార్ అనుసంధానం లేకపోతే బ్యాంకు చుట్టూ తిరగాల్సింది కూలి మానుకున్న తల్లే.

నిబంధనల బరువూ మన వాడల మీదే ఎక్కువ. 75 శాతం హాజరు ఉండాలి. కర్నూలు పడమటి మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి వెళ్లే కుటుంబాలు పిల్లల్ని వెంట తీసుకెళ్తాయి. ఆ నెలల్లో హాజరు ఎక్కడి నుంచి వస్తుంది? నెలకు 300 యూనిట్ల కరెంటు దాటితే అనర్హులు. స్థలం లేక అన్నదమ్ముల కాపురాలు ఒకే మీటరు కింద ఉన్న ఇళ్లలో దాన్ని సంపన్నతకు గుర్తు అనగలమా?

ఉపప్రణాళిక సంగతీ ఉంది. 2013 చట్టం ఎస్సీ నిధులు ఎస్సీల అభివృద్ధికే నేరుగా పనికిరావాలంటుంది. అమ్మఒడి కాలంలో అన్ని కులాలకూ ఇచ్చే సొమ్ములో ఎస్సీ తల్లుల భాగాన్ని ఉపప్రణాళిక ఖర్చుగా చూపారు. అందరికీ ఇచ్చేదాన్ని మన పద్దులో రాస్తే, మనకంటూ కట్టాల్సిన హాస్టళ్లకు, గురుకులాలకు మిగిలేదేమిటి? ప్రభుత్వం మారింది, ఈ లెక్క కూడా మారాలి.

అందుకే మేము అడగాల్సినవి స్పష్టంగా ఉన్నాయనుకుంటున్నాం. ఎస్సీ తల్లికి 13 వేలు పూర్తిగా ఇవ్వాలి, స్కాలర్‌షిప్ దానికి అదనంగా రావాలి. వలస కుటుంబాల పిల్లలకు హాజరు సడలించి, ఊళ్లోనే సీజనల్ హాస్టళ్లు నడపాలి. పథకం ఖర్చును ఉపప్రణాళికలో చూపకూడదు. విద్యార్థి సంఘాలు ఈ వేసవిలో వాడవాడకూ వెళ్లి, ఏ తల్లికి ఎంత పడిందో పాసుపుస్తకం చూసి రాసుకోవాలి. ఆ జాబితాతో కలెక్టరేట్‌కు వెళ్తే, కోత లేదని ఎవరూ తప్పించుకోలేరు.