తేమయంత్రము నడుగగల డిగ్రీ

ఇంజనీరింగునందుగాని వైద్యవిద్యయందుగాని సీటు చిక్కని బిడ్డ డిగ్రీ ప్రవేశముల ఆన్‌లైను వేదికయగు ‘దోస్త్’లో ఐచ్ఛికములు నింపి బీఎస్సీలో చేరినచో, కేసముద్రము వంటి ఊళ్లలో పెద్దలు దానిని చదువుగా గాక యోదార్పుగా నెంచుదురు. “డిగ్రీ యైన పిదప గ్రూప్సా, బీయెడ్డా?” యని యడుగువారేగాని, నడుమ గడచు మూడేండ్లలో చేతికి వచ్చిన విద్య యేమని యడుగువారు లేరు. వారిని నిందించి లాభము లేదు. ఆ విద్య యూరిలో ఎక్కడను కంటబడుట లేదు గదా!

2016లో వరంగల్లునుండి విడివడిన మహబూబాబాదు జిల్లాలోని యీ యూరి మార్కెట్ యార్డునకు మిరప, పసుపు, మక్కలు బస్తాలకొలది వచ్చును. మద్దతు ధరకు కొనవలెనన్న వడ్లలో తేమ 17 శాతమును, మక్కలలో 14 శాతమును మించరాదు. ఆ యంకెను తేల్చునది గుప్పెడు గింజలు పోసిన క్షణములలో ఫలము చెప్పు తేమయంత్రము. అంకె కొంచె మెక్కువైనను, రైతు కుప్పను మరల నారబోసి, మబ్బు చూచుచు కావలి యుండవలసినదే. అయితే ఆ యంత్రము నీటిని తూచుట లేదు. గింజల విద్యుద్ధర్మమును గ్రహించి, అందుండి తేమను లెక్కగట్టుచున్నది. కావున ధాన్యజాతిని బట్టియు, గింజల వేడిమిని బట్టియు సవరణ లేకున్న నంకె తప్పవచ్చును. సరిచూచుటకు మార్గము తేటయైనదే: గింజలను నూరి తూచి, బరువు తగ్గుట మానువరకు ఓవెనులో నారబెట్టి, మరల తూచవలెను. బీఎస్సీ మొదటి సంవత్సరపు విద్యార్థికి ఇది మించిన పని కాదు.

కాని మన ప్రయోగశాలలలో చాలచోట్ల జరుగుచున్నదేమి? బ్యూరెట్టు పట్టకమునుపే జవాబు తెలియును. దానినుండి వెనుకకు లెక్కగట్టి రీడింగులు వ్రాయుదురు. సీనియరు రికార్డు జూనియరు చేతివ్రాతలో పునర్జన్మ మెత్తును. పసుపున సున్నము కలిపి పారాణి చేయుటను చిన్ననాటినుండి చూచిన బాలిక, క్షారము సోకి పసుపు ఎఱ్ఱబారుట సూచకధర్మమే యని యెఱుగకయే, ఫినాల్ఫ్తలీను గులాబిరంగును గూర్చి కంఠస్థము చేసి పట్టభద్రురా లగుచున్నది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము వెలసినందున ఈ ప్రాంతపు బిడ్డలకు హైదరాబాదు ప్రయాణము తప్పినది, మేలే. బ్యూరెట్టు మాత్ర మింకను దూరముననే యున్నది.

ప్రాక్టికల్ మార్కులలో సగమైనను, పుస్తకములో జవాబు లేని కొలతకు కేటాయింపవలెనని నా యభిప్రాయము. వచ్చిన రీడింగునే వ్రాసిన విద్యార్థికి, అది తప్పైనను, మార్కు తగ్గింపరాదు. పంటకాలమున విద్యార్థులు యార్డునుండి నమూనాలు తెచ్చి, ఓవెనుతో తేల్చిన యంకెను యంత్రపు టంకెతో పోల్చి, ఆ వ్యత్యాసమును యార్డు నోటీసుబోర్డున నంటింపవలెను. ఇందుకు క్రొత్త భవన మక్కరలేదు. ఒక త్రాసు, ఒక ఓవెను, వారమునకొక పూట చాలును.